చరిత్ర ఆధారాలు చదవడం – 4వ పాఠం: చట్టంలోని కూలి, చేతికందిన కూలి

గత పాఠంలో, కూలి రేట్లకు పరిమితి విధించిన 1351 నాటి ఇంగ్లండు కూలీల చట్టాన్ని ఇచ్చి, ప్లేగు తర్వాత కూలి రేట్లు ఎలా ఉండేవో రాయమన్నాను. జవాబుల్లో చాలావరకు ఒకే చోట దారి తప్పాయి. ఆగస్టు మొదటి వారంలో కోతకూలి రోజుకు 2 పెన్నీలు, రెండో వారంలో 3 పెన్నీలు అని చట్టంలో ఉంది కనుక కూలీలకు ముట్టింది అంతేనని తేల్చేశారు. కాబట్టి ఈసారి ఆ పొరపాటునే సరిదిద్దుకుందాం; పన్నుల పాఠం వచ్చేసారికి వాయిదా.

1348లో వచ్చిన ప్లేగుకు జనం తగ్గి, పనికి చేతులు చాలలేదు; అది ఎందరిని బలిగొన్నదో మళ్లీ చెప్పను. పార్లమెంటులో కూర్చున్నవారిలో అధికులు భూస్వాములు, అంటే కూలి చెల్లించవలసినవారు. వారు రాసుకున్న రేటు వారి కోరికే గాని అంగడి రేటు కాదు. ప్లేగుకు ముందున్న కూలిని మించి అడగరాదని 1349లోనే రాజాజ్ఞ వెలువడింది. అది అమలై ఉంటే రెండేళ్లకే మళ్లీ చట్టం దేనికి? రెట్టింపు, మూడింతలు ఇస్తే తప్ప కూలీలు పనికి రావడం లేదని 1351 చట్టపు పీఠికే వాపోతుంది. కూలితో పాటు తిండి, పానీయం, మరే ఇతర మర్యాదా (కానుకలాంటిది) అడగరాదు, ఇవ్వరాదు అన్న మాటను మీలో ఎవరూ పట్టించుకోలేదు. రేటు పెంచకుండానే భోజనం పేరిట కూలి పెంచే యజమానులు ఉండేవారని దాన్నిబట్టి ఊహించవచ్చు. కూలీలు పనిముట్లు చేతబట్టుకొని బహిరంగంగా పట్టణానికి వచ్చి, అందరూ చూసే చోట పని కుదుర్చుకోవాలన్న నిబంధన కూడా చాటుమాటు బేరాలను ఆపడానికే. అలాగని నిషేధించినదల్లా ఊరూరా జరిగిందనుకోవద్దు. కోర్టు జరిమానాలతో, నిజంగా చెల్లించిన కూలిని రాసుకున్న జమీందారీ లెక్కలతో సరిచూడాలి. నేనైతే ముందు లెక్కలే తెరుస్తాను.

దీన్ని ప్లేగుకు ముందరి ఒక కట్టడితో పోల్చి చూడండి. 1315లో పార్లమెంటు కట్టడి చేసింది కూలిని కాదు, పశువుల ధరలను. ఆ ఏడు ఎడతెగని వానలకు పైర్లు కుళ్లి మహా క్షామం మొదలైంది. కట్టడి ధరకు అమ్మకందారులు ముందుకు రాకపోవడంతో 1316లో ఆ ఉత్తర్వును ఎత్తివేశారు. జనం కిక్కిరిసి తిండి చాలనప్పుడు కట్టడి సరుకు మీద, జనం తగ్గి చేతులు చాలనప్పుడు కూలి మీద పడింది.

అభ్యాసం: 40 షిల్లింగుల (షిల్లింగు అంటే 12 పెన్నీలు) ఆస్తి లేని బండివాళ్లు, దున్నేవాళ్లు, గొర్రెల కాపరులు ముతక ఉన్ని బట్ట తప్ప మరేదీ తొడగరాదని 1363 చట్టం శాసించింది. దాన్నుంచి నిశ్చయంగా చెప్పగలిగినవి, ఊహించగలిగినవి, చెప్పలేనివి విడివిడిగా రాసి, ప్రతి ఊహకూ దాన్ని తోసిపుచ్చగల ఆధారం ఏ రకం పత్రంలో దొరకవచ్చో పేర్కొనండి.