గేర్ బాక్స్ కారుతోందా? పానా పట్టే ముందు బ్రీదర్ చూడండి

మా నాన్న నుంచి నాకొచ్చిన కారుకి 22 ఏళ్లు. ఒకరోజు దాని కింద తేనెరంగు మరక కనిపించింది. ఎడమవైపు డ్రైవ్ షాఫ్ట్ (గేర్ బాక్స్ నుంచి చక్రాన్ని తిప్పే కడ్డీ) మొదట్లో తడిగా ఉంది కదా అని అక్కడి ఆయిల్ సీలు, అంటే ఆయిల్ బయటికి రాకుండా ఆపే రబ్బరు రింగు, మార్చాను. నెల తిరక్కుండా మళ్లీ కారింది. ఇంకో సీలు వేశాను, అదీ అంతే. ఇంతకీ తప్పు సీలుది కాదు. గేర్ బాక్స్ పైన ఉండే చిన్న గాలి గొట్టం, అంటే బ్రీదర్, మట్టితో పూడుకుపోయింది. బండి నడిచి వేడెక్కితే లోపలి గాలి వ్యాకోచిస్తుంది. పోయే దారి లేక ఆయిల్‌ను సీలు అంచు దాటించి బయటికి నెడుతుంది. అందుకే ముందు బ్రీదర్ తీసి, శుభ్రం చేసి, ఊదితే గాలి పోతోందో లేదో చూడండి. పది నిమిషాల పని.

కారేది గేర్ ఆయిలేనా అన్నది కూడా తేల్చుకోవాలి. చిక్కగా ఉండి, ముక్కు పగిలే గంధకం వాసన వస్తే గేర్ ఆయిలే. నల్లగా ఉంటే ఇంజన్ ఆయిల్ కావచ్చు. గేర్ బాక్స్ బయటంతా కిరోసిన్‌తో కడిగి, ఆరాక టాల్కం పౌడర్ చల్లి, కాసేపు నడిపి రండి. పౌడర్ తడిసిన చోట్లలో అన్నిటికన్నా పైనున్న దాన్ని పట్టుకోండి. ఆయిల్ కిందికి జారుతుంది, గాలికి వెనక్కి పాకుతుంది, కాబట్టి చుక్క పడే చోటు నమ్మదగ్గది కాదు.

డ్రెయిన్ బోల్టు దగ్గరైతే కొత్త వాషర్ చాలు. రివర్స్ లైట్ స్విచ్, గేర్ రాడ్డు లోపలికి వెళ్లే చోటున్న సీలు కూడా ఇంట్లో మార్చుకోవచ్చు. ఇంజన్‌కీ గేర్ బాక్స్‌కీ మధ్య నుంచి గేర్ ఆయిల్ కారితే మాత్రం అది ఇన్‌పుట్ షాఫ్ట్ సీలు. దానికి గేర్ బాక్స్ దించాలి. అంత బరువు ఒంటరిగా దించడం ప్రమాదం, అది మెకానిక్‌కే వదిలేయండి.

ఎక్కువగా పోయేది డ్రైవ్ షాఫ్ట్ సీలు. చదునైన నేల మీద వెనక చక్రాలకు దిమ్మలు పెట్టి, కారు ఇంకా నేల మీదే ఉండగా హబ్ నట్టు (చక్రం మధ్యలో డ్రైవ్ షాఫ్ట్‌ను పట్టి ఉంచే పెద్ద నట్టు) వదులు చేయండి. తర్వాతే జాకీతో లేపి, బలమైన స్టాండ్ల మీద నిలపండి. ఒట్టి జాకీ మీదున్న బండి కిందికి ఎంత తొందరున్నా వెళ్లొద్దు. ఇది మాత్రం బతిమాలి చెబుతున్నాను.

ఆయిల్ దించే ముందు, పోసే బోల్టు ఊడుతుందో లేదో చూసుకోండి. అది బిగుసుకుపోయిందని ఆయిలంతా దించాక తెలిస్తే బండి కదలదు. డ్రెయిన్ బోల్టుకి బూడిద రంగు ముద్ద అంటితే ఫర్వాలేదు, ఇనుప ముక్కలుంటే లోపల ఏదో విరిగినట్టే.

హబ్ నట్టు తీసి, హబ్‌ని కింది చేతికి కలిపే బాల్ జాయింట్ విడదీసి, హబ్‌ని పక్కకు జరపండి. షాఫ్ట్‌ను చేత్తో గుంజకండి, లోపలి జాయింట్ ఊడిపోతుంది. గేర్ బాక్స్ అంచున లివర్ ఆనించి షాఫ్ట్‌ను బయటికి నెట్టండి. సీలు ఆనే చోట షాఫ్ట్ మీద గోరు గీరి చూడండి. గాడి తగిలితే కొత్త సీలు కూడా ఎక్కువ కాలం ఆగదు. పాత సీలు ఎంత లోతున ఉందో కొలుచుకుని, చుట్టూ ఉన్న లోహం గీసుకోకుండా పీకండి. కొత్తదాని స్ప్రింగు వైపు లోపలికి ఉండాలి. అంచుకి గేర్ ఆయిల్ రాసి, సీలంత వెడల్పున్న సాకెట్ ఆనించి, చుట్టూ సమంగా సుత్తితో మెల్లగా కొట్టండి. ఒక పక్కే దిగితే తీసేసి ఇంకోటి వేయాల్సిందే. షాఫ్ట్ ఎక్కించేటప్పుడు దాని పళ్లు సీలు అంచుని కోయకుండా తిన్నగా పట్టుకోండి. షాఫ్ట్ చివరి క్లిప్పు లోపల పడిన చప్పుడు వినిపించాలి.

అన్నీ బిగించి, హబ్‌కి కొత్త నట్టు వేసి, మాన్యువల్‌లో చెప్పినంత టార్క్‌తో (బిగింపు బలంతో) బిగించండి. ఆయిల్ కూడా మాన్యువల్‌లో ఉన్న గ్రేడే పోయాలి. పాత కార్లకు చాలావాటికి జీఎల్-4 రాసి ఉంటుంది. దాని బదులు జీఎల్-5 పోస్తే, అందులోని గంధకపు రసాయనాలు గేర్లు సాఫీగా పడేలా చేసే లోపలి ఇత్తడి సింక్రో రింగుల్ని తినేసే ప్రమాదం ఉంది. కారు సమతలంగా ఉంచి, పోసే రంధ్రం అంచు దాకా నింపండి, అక్కణ్నుంచి పొర్లితే చాలు. పాత ఆయిల్ కాలవలో పారబోయకండి, డబ్బాలో పట్టి గ్యారేజీలో ఇచ్చేయండి.

తర్వాత రెండు మూడు రోజులు రాత్రిళ్లు కింద అట్టముక్క పరచండి. వారం నడిపాక ఆయిల్ మట్టం మళ్లీ ఒకసారి చూడండి.