పెడల్ స్టీల్ పాఠాలు - 7: సగం పెడల్ దగ్గర ఆంప్ సర్దుకోవడం

పెడల్ స్టీల్ అంటే తీగల మీద ఉక్కు బార్ జరుపుతూ, కాలి పెడళ్లతో స్వరాలు మార్చే గిటార్. పోయిన పాఠంలో దానికి వాడే ఆంప్ (యాంప్లిఫయర్), ఫెండర్‌వాళ్ల ట్విన్ రివర్బ్, వాల్యూమ్ నాబ్ 5 దగ్గర పెట్టమని రాశాను. ఆ అంకె రాసి ఉండాల్సింది కాదు. ఫ్లాట్‌లో ఉన్న ఒకరు పక్కింటివాళ్లు తలుపు కొట్టారని రాశారు. ఇంకొకరు ఇంట్లో పాప ఉలిక్కిపడి లేచిందన్నారు. మిగతావాళ్లు చప్పుడు భరించలేక నాబ్‌ను 2కి దించి, కుడికాలి కింద ఉండే వాల్యూమ్ పెడల్‌ను చివరిదాకా తొక్కిపెట్టి వాయించారు. పంపిన రికార్డింగ్‌లు అన్నీ విన్నాను. దాదాపు అన్నిట్లో ఒకటే లోపం. కార్డ్ ఠంగున మోగుతుంది, రెండు సెకన్లలో వాడిపోతుంది. స్టీల్‌లా లేదు, బార్ పెట్టి మీటిన మామూలు గిటార్‌లా ఉంది. అందుకే రివర్బ్ (ప్రతిధ్వని) పాఠం వచ్చేసారికి వాయిదా వేసి, ముందు దీన్ని తేల్చుకుందాం.

పెడల్ చివరిదాకా తొక్కి ఆంప్ సర్దుకోవడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు. ఎందుకో వివరంగా చెబుతాను.

వాల్యూమ్ పెడల్ ఉన్నది శబ్దం పెంచి తగ్గించడానికి కాదు. మీటిన క్షణం నుంచి తీగ నాదం తగ్గుతూనే ఉంటుంది. అది తగ్గే కొద్దీ కాలు నెమ్మదిగా ముందుకు వంగాలి. వినేవాళ్లకు స్వరం నిలబడినట్టు అనిపించాలి. నాదస్వరం వాయించేవాళ్లు ఉన్న ఊపిరంతా మొదటి స్వరానికే ఊదేయరు కదా, ఇదీ అంతే. కాలు ముందే చివరికి చేరిపోతే ఇక తొక్కడానికి ఏమీ మిగలదు. మీటినప్పుడు వచ్చే టక్కుమనే దెబ్బ పూర్తిగా వినిపిస్తుంది, ఆ తర్వాతి నాదం సన్నబడిపోతుంది. వినపడాల్సింది వెనక్కి పోయింది, దాగాల్సింది ముందుకొచ్చింది.

కాబట్టి నాబ్ అంకెలు మరచిపోండి. ముందు పెడల్‌ను సగంలో ఉంచండి. 8వ ఫ్రెట్ మీద 4, 5, 6 తీగలు కలిపి మీటండి. ఇప్పుడు ఆంప్ నాబ్ తిప్పుతూ గదికి సరిపోయే చోట ఆపండి. మీ ఫ్లాట్‌లో అది ఒకటిన్నర దగ్గరే ఆగవచ్చు. ఆగనివ్వండి. నా మాట ఒక్కటే: మీటేటప్పుడు పెడల్ సగం దాటకూడదు. మిగిలిన సగం నాదం నిలబెట్టడానికి దాచుకున్నది.

ఇంత చిన్న గదికి 85 వాట్ల ఆంప్ ఎందుకని ఒకరు అడిగారు. న్యాయమైన ప్రశ్న. ఇంట్లో అవసరం లేదు. నేను వాయించేది టెక్సస్ డాన్స్ హాళ్లలో. డ్రమ్స్, బాస్, రెండు గిటార్లు, ఫిడిల్ ఉంటాయి. అక్కడ సగం పెడల్ దగ్గరే డ్రమ్స్ మధ్య వినపడాలి. దానికి ఆంప్ 8 వాట్లు ఇస్తోందనుకోండి. పెడల్ మిగతా సగం తొక్కితే సిగ్నల్ కనీసం 10 డెసిబెల్లు పెరుగుతుంది. 10 డెసిబెల్లంటే పవర్ 10 రెట్లు. కార్డ్ వాడిపోతున్నప్పుడు తొక్కితే ఏ గొడవా లేదు, ఎందుకంటే తీగ తగ్గినంతే కాలు పెంచుతోంది. కానీ పాట వేగంలో కాలు వెనక్కి రాకముందే చెయ్యి తర్వాతి కార్డ్ మీటేస్తుంది. ఆ ఒక్క క్షణంలో ఆంప్ 80 వాట్లు ఇవ్వాలి. ఫెండర్‌వాళ్ల చిన్న ఆంప్, 22 వాట్ల డీలక్స్ రివర్బ్, అక్కడ చిరిగిపోతుంది, అంటే శబ్దం గరగరలాడుతుంది. ట్విన్ నిలబడుతుంది.

ఆ చిరుగు ఎలక్ట్రిక్ గిటార్‌కు అందం. మనకు మాత్రం శృతి చెడగొడుతుంది. 8వ ఫ్రెట్ ఉదాహరణే చూద్దాం. అక్కడ 4వ తీగ సుమారు 523 హెర్ట్జ్, 5వ తీగ 392. ఆంప్ వక్రీకరిస్తే ఆ రెండిటి తేడా, అంటే 131 హెర్ట్జ్, మీరు మీటని మూడో స్వరంగా పుడుతుంది. ఇప్పుడు ఎడమకాలితో 'ఏ' (A) పెడల్, అంటే 5వ తీగ స్వరాన్ని పెంచేది, తొక్కండి. 5వ తీగ 440కి ఎక్కుతుంది. తేడా 83కి పడిపోతుంది. మీ స్వరం పైకి జారుతుంటే అడుగున ఒక దయ్యం స్వరం కిందికి జారుతోంది! 6వ తీగను పెంచే 'బీ' (B) పెడల్ కూడా తొక్కితే ఆ తీగ వల్ల ఇంకో తేడా కదలడం మొదలవుతుంది. స్వరాలు జారడమే మన వాయిద్యం ప్రాణం, అందుకే శుభ్రమైన ఆంప్ మనకు తప్పనిసరి. నన్నడిగితే స్టీల్‌కు వాట్లు కావాల్సిన అసలు కారణం ఇదే.

ఈ అవసరంతోనే స్టీల్ వాద్యకారులు పెద్ద ఫెండర్ల వైపు వెళ్లారు. ట్విన్ రివర్బ్ 1963లో వచ్చింది. నాలుగు 6ఎల్6జీసీ ట్యూబ్‌లు, రెండు 12 అంగుళాల స్పీకర్లు. 1970ల మొదట్లో అది 100 వాట్లయింది, చివర్లో 135. గిటార్ వాయించేవాళ్లు ఆ 135 వాట్ల మోడల్‌ను మరీ శుభ్రంగా ఉందని పక్కనపెడతారు. మనం వెతుక్కోవాల్సింది అదే, పైగా పాత నల్ల ప్యానెల్ ట్విన్ కన్నా చవక. ఒకే 15 అంగుళాల స్పీకర్ ఉన్న వైబ్రోసోనిక్ రివర్బ్ దొరికితే నేను ఇంకేదీ చూడను. 12 అంగుళాల జంటలో పై తీగలు చెవిలో గుచ్చుతాయి. 15లో ఆ అంచు మెత్తబడుతుంది. 1970ల్లో పీవీ కంపెనీ 200 వాట్ల ట్రాన్సిస్టర్ ఆంప్ సెషన్ 400 వచ్చాక చాలామంది ట్యూబ్‌లు వదిలేశారు. బరువు చూస్తే వాళ్లను తప్పుపట్టలేను, ట్విన్ 30 కిలోల దాకా తూగుతుంది. నేను మాత్రం మోస్తూనే ఉన్నాను.

నా అమరిక: బ్రైట్ స్విచ్ ఆఫ్, ట్రెబుల్ 5, మిడిల్ 7, బాస్ 4. మిడిల్ తగ్గిస్తే స్టీల్ గొంతు ఉండే చోటే పల్లం పడుతుంది. మీ ఆంప్‌కు మాస్టర్ వాల్యూమ్ ఉంటే దాన్ని 10లో పెట్టి ఇక ముట్టుకోకండి. ఛానల్ వాల్యూమ్ పెంచి మాస్టర్ తగ్గిస్తే మొదటి ట్యూబ్‌ల దగ్గరే చిరుగు పుడుతుంది, వెనక ఎన్ని వాట్లున్నా లాభం లేదు. శబ్దం తగ్గించుకోవడానికి 2వ ఇన్‌పుట్ వాడుతున్నామని కొందరన్నారు. అక్కడ సిగ్నల్ సగమవుతుంది, నిజమే. కానీ ఆ ఇన్‌పుట్ పికప్‌కు, 500 కిలో ఓమ్‌ల పెడల్‌కు భారమవుతుంది. పై స్వరాలు మసకబారతాయి. 1వ దాంట్లోనే పెట్టి నాబ్ తగ్గించండి.

ఇండియాలో ఉన్నవాళ్లకు: వెనక ప్యానెల్ మీద 117 వోల్ట్‌లని ఉంటే స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా ప్లగ్ పెట్టకండి, అది 500 వీఏకి తగ్గకూడదు. రెండు పిన్నుల పాత వైరు ఉంటే ముందు ఎర్త్ ఉన్న మూడు పిన్నులది వేయించండి. నేను కొన్న మొదటి ట్విన్‌కు ఆ పాత వైరే ఉంది. అన్నీ సరిగ్గా ఉన్నాయని అమ్మినాయన చెబితే నమ్మాను. ఎడమచేతిలో స్టీల్ బార్ తీగలకు ఆని ఉండగా మైక్ స్టాండ్ సర్దబోయాను. మోచేతి దాకా కొట్టింది. బార్ జారి 3వ తీగ తెగింది. లోపల పని మెకానిక్‌దే. ప్లగ్ తీసేశాక కూడా కెపాసిటర్లలో 400 వోల్ట్‌లకు పైగా నిలిచి ఉండొచ్చు.

ఇక సాధన. ఈ వారం కొత్త పాటలు వద్దు. 8వ ఫ్రెట్, 4-5-6 తీగలు, పెడల్ సగంలో. మీటండి, మనసులో పన్నెండు లెక్కపెట్టండి. పన్నెండో లెక్కకు పెడల్ చివరికి చేరాలి, అంతకుముందు కాదు. శబ్దం మొదటి లెక్కలోనూ చివరి లెక్కలోనూ ఒకేలా ఉండాలి. ఫోన్‌లో రికార్డ్ చేసి, తెర మీద శబ్దం ఎత్తు చూపే గీత చూడండి. కొండలా దిగితే కాలు ఆలస్యమైంది, మధ్యలో ఉబ్బితే తొందరపడింది. రోజుకు నలభై సార్లు. అది కుదిరాక ఆరో లెక్క దగ్గర ఏ, బీ పెడళ్లు కలిపి తొక్కి ఎఫ్ కార్డ్‌కు వెళ్లండి. ఎడమకాలు దిగుతుంటే కుడికాలు కూడా ఉలిక్కిపడి వంగుతుంది, అందరికీ ఇక్కడే తప్పుతుంది. రెండు కాళ్లూ విడిగా కదిలేదాకా అక్కడే ఉండండి, వారం కాకపోతే రెండు వారాలు. చివరి రోజు రికార్డింగ్ పంపితే వచ్చే పాఠానికి ముందు వింటాను.