చైనీస్ బడిలో చేర్చే ముందు

మలేషియాలో మన తెలుగువాళ్లు కొందరు పిల్లల్ని ఎస్‌జేకేసీలో, అంటే చైనీస్ ప్రైమరీ స్కూల్లో వేయాలనుకుంటారు. ఫారం నింపే ముందు ఇవి చూసుకోండి.

- బోధన మాండరిన్‌లో. మలయ్, ఇంగ్లిష్ విడిగా ఉంటాయి. ఇంట్లో తెలుగుతో కలిపి బిడ్డకు నాలుగు భాషలు.

- ఒకటో తరగతి మామూలుగా ఏడో ఏట. అంతకుముందే మాండరిన్ కిండర్‌గార్టెన్‌కు పంపండి, ఇది మాత్రం వదలొద్దు. 'మా' అన్న ఒక్క పలుకే స్వరం మారితే అమ్మ, గుర్రం, తిట్టడం అవుతుంది. ఆ తేడా చెవికి పట్టాలంటే చిన్నతనంలోనే వినాలి.

- హోంవర్క్ దగ్గర ఎవరు కూర్చుంటారు? గళ్ల పుస్తకంలో ఒక్కో అక్షరాన్ని గీతల వరుస తప్పకుండా మళ్లీ మళ్లీ రాయాలి. తర్వాత డిక్టేషన్. ఇంట్లో ఎవరికీ చైనీస్ రాకపోతే ట్యూషన్ ముందే మాట్లాడుకోండి. లేదంటే రాత్రి తొమ్మిదింటికి బిడ్డ ఏడుస్తుంటే మీరేం చేయలేరు, పాపం.

- సెకండరీ ప్రభుత్వ బడి మలయ్‌లో నడుస్తుంది. మలయ్ బలహీనంగా ఉంటే 'పెరాలిహాన్' అని ఒక ఏడాది అదనంగా చదవాల్సి రావచ్చు. మొదటినుంచీ మలయ్ చదివించండి.

- క్యాంటీన్ తిండి, తరగతిలో ఎంతమంది, బస్సు: స్వయంగా వెళ్లి చూడండి.

- రాత్రి పడుకునే ముందు కథ మాత్రం తెలుగులోనే చెప్పండి.