ప్రశ్నాపత్రాన్ని తెలుగు చేయడం – పాఠం 3: పది అంటే మంచా, చెడా?

గత రెండు పాఠాల్లో ఎక్కడిదాకా వచ్చామంటే: రోగులను అడిగే ఒక ఇంగ్లీషు ప్రశ్నాపత్రాన్ని ఇద్దరు విడివిడిగా తెలుగు చేశారు, ఆ రెండింటినీ కలిపి ఒకటి చేశాం, మూలం చూడని మరో ఇద్దరు దాన్ని తిరిగి ఇంగ్లీషులోకి మార్చారు, కమిటీ కూర్చుని తేడాలు తేల్చింది. ఇప్పుడు చేతిలో ఒక కాగితం ఉంది. చాలామంది ఇక్కడ తొందరపడి దాన్ని వందమందికి పంచేసి, కంప్యూటర్ ముందు కూర్చుంటారు. ఈ పాఠమంతా ఆ తొందర గురించే.

కొత్తగా చేరినవాళ్ల కోసం రెండు మాటలు. మనం తీసుకున్నది క్యూఓఆర్-15 (క్వాలిటీ ఆఫ్ రికవరీ, అంటే కోలుకున్న తీరు). ఆపరేషన్, మత్తు తర్వాత రోగి ఎంతవరకు కోలుకున్నాడో రోగి నోటితోనే చెప్పించే పత్రం. 2000లో వచ్చిన 40 ప్రశ్నల పత్రాన్ని ఆస్ట్రేలియాలో మత్తు డాక్టర్లే కుదించి 2013లో ప్రచురించారు. 15 ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 10, మొత్తం 150. గడిచిన 24 గంటల్లో ఎలా ఉందన్నదే అడుగుతుంది.

ఇక పని. వందమంది దగ్గరికి వెళ్లే ముందు 30 నుంచి 40 మంది రోగుల దగ్గర కూర్చోవాలి. వీళ్ల మార్కులు ముఖ్యం కాదు, వీళ్లు ప్రశ్నను ఏమని అర్థం చేసుకున్నారన్నదే ముఖ్యం. ప్రతి ప్రశ్న తర్వాత రెండు అడగండి: "ఇది మీకు ఏమని అర్థమైంది?", "ఏడు అన్నారు కదా, తొమ్మిది ఎందుకు కాదు?" జవాబును మీ భాషలోకి దిద్దకుండా వాళ్ల మాటల్లోనే రాసుకోండి. ఊళ్లవాళ్లు, పట్నంవాళ్లు, ఏడో తరగతితో ఆపేసినవాళ్లు, ఆఫీసుల్లో పనిచేసేవాళ్లు అందరూ ఉండాలి. చదవలేనివాళ్లకు మీరు చదివి వినిపించారా, వాళ్లే నింపారా అన్నది పక్కన గుర్తు పెట్టుకోండి. ఆ రెండూ ఒకటి కావు.

తెల్లకోటు వేసుకుని వెళ్లకండి. నేను మొదటిసారి వేసుకునే వెళ్లాను. "ఆసుపత్రి డాక్టర్లు, నర్సుల నుంచి మీకు అండ దొరుకుతోందా?" అనే ఏడో ప్రశ్నకు అందరూ పదికి పదే ఇచ్చారు. ఒక పెద్దావిడయితే, "నువ్వు మంచోడివి బాబూ, ఇంకో పది వేసుకో" అంది. మర్యాద కొద్దీ వచ్చిన మార్కులు అవి.

రోగులు ఎక్కడ తడబడతారో చూద్దాం. రెండో ప్రశ్న, తిండి రుచిగా తినగలిగారా అని. మన దగ్గర ఆపరేషన్ అంటే పథ్యం. "ఇడ్లీ ఒక్కటే పెట్టమన్నారు కదండీ" అంటారు. తినబుద్ధి అయిందా అని మనం అడుగుతుంటే, తిననిచ్చారా అన్నదానికి వాళ్లు జవాబు చెబుతున్నారు. ఐదోది, ఎవరి సాయమూ లేకుండా బాత్రూంకి వెళ్లడం, శుభ్రం చేసుకోవడం. తోడున్న కూతురు ఒంటరిగా వెళ్లనిస్తుందా? చేయగలిగినా చేయని మనిషికి సున్నా పడుతుంది. ఇలాంటి చోట "వెళ్లారా" కన్నా "వెళ్లగలుగుతున్నారా" అన్నది మేలు.

పదమూడోదానికి కమిటీలో పెద్ద గొడవే జరుగుతుంది. వికారం అందామా, కడుపులో తిప్పడం అందామా, డోకు అందామా? పత్రంలో ఒక్క మాటే పడాలని పట్టుబట్టేవాళ్లు ఉంటారు. నా ఓటు మాత్రం "కడుపులో తిప్పడం, వాంతులు" అన్నదానికే. అదీ ముప్పైమందిని అడిగాకే.

అన్నిటికన్నా చిక్కు 14, 15. ఒకటి ఆందోళన, ఇంకోటి విచారం. మన "దిగులు" ఈ రెండిటి మధ్యలో కూర్చుంటుంది. రేపు బిల్లు ఎలా కట్టాలన్నదీ దిగులే, ఏమీ బాగోలేక గోడవైపు తిరిగి పడుకోవడమూ దిగులే. రెండు ప్రశ్నల్లోనూ ఆ మాట వాడితే రోగి రెండిటికీ ఒకే అంకె ఇస్తాడు, "ఇందాక అడిగారు కదా" అంటాడు. పద్నాలుగులో "కంగారు, టెన్షన్", పదిహేనులో "బాధగా, నిరాశగా" అని పెట్టి చూడండి.

ఇక అసలు ఉచ్చు. మొదటి పది ప్రశ్నల్లో 10 అంటే ఎప్పుడూ అలాగే ఉంది, అంటే మంచిది. చివరి ఐదింటిలో (నొప్పి రెండు, వాంతులు, కంగారు, బాధ) 10 అంటే అసలు లేదు అని, 0 అంటే ఎప్పుడూ ఉందని. మూలంలో అంకెలు కూడా తిరగేసి 10 నుంచి 0కి ముద్రించారు. కాగితం మీద కళ్లకు కనబడుతుంది కాబట్టి సరే. చదివి వినిపిస్తే? "తీవ్రమైన నొప్పి, పదికి ఎంత?" అంటే నొప్పితో మెలికలు తిరుగుతున్న మనిషి "పది" అంటాడు. మీరు పది వేస్తారు. కాగితం మీద ఆయనకు నొప్పే లేదు! అందుకే ఈ భాగం మొదలుపెట్టే ముందు ఆగి, "ఇక్కడ పది అంటే అస్సలు లేదని" అని చెప్పి, ఒక ఉదాహరణ చేయించాలి.

పదకొండోది ఓ మాదిరి నొప్పి, పన్నెండోది తీవ్రమైన నొప్పి. "తీవ్రంగా ఉంటే ఓ మాదిరి ఎలా ఉంటుందండీ?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అయితే ఇది మూలంలోనే ఉన్న చిక్కు, దిద్దే హక్కు మనకు లేదు. రాసిపెట్టుకోండి, అంతే.

ఇదంతా ఎందుకంటే, అంకెలు వచ్చాక తప్పు పట్టుకోవడం కష్టం. పదిహేను ప్రశ్నల జవాబులూ ఒకదానితో ఒకటి ఎంత పొసుగుతున్నాయో చెప్పే అంకె క్రాన్‌బాక్ ఆల్ఫా. లెక్క సులువే. ఒక్కో ప్రశ్న మార్కుల వ్యత్యాసం (వేరియన్స్, అంటే మార్కులు సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పే అంకె) కట్టి కూడండి. మొత్తం స్కోరు వ్యత్యాసం వేరుగా కట్టండి. అభ్యాసం కోసం మొదటిది 60, రెండోది 240 అనుకుందాం. 60ని 240తో భాగిస్తే 0.25. ఒకటిలోంచి తీసేస్తే 0.75. ప్రశ్నలు 15 కాబట్టి దాన్ని 15తో గుణించి 14తో భాగించండి: సుమారు 0.80. ఇది 0.7 దాటితే సరిపోతుందని సాధారణంగా అంటారు. 0.95 దాటితే సంబరపడకండి, ఒకే ప్రశ్నను రెండు రకాలుగా అడుగుతున్నామేమో చూసుకోవాలి. మన "దిగులు" జంట లాంటిది.

ఆల్ఫాతో పాటు ప్రతి ప్రశ్నకూ, మిగతా 14 ప్రశ్నల మొత్తానికీ ఉన్న పొంతన (కోరిలేషన్, అంటే ఒకటి పెరిగితే రెండోదీ పెరుగుతోందా అన్నది) కూడా చూడండి. చివరి ఐదింటిలో దేనికైనా పొంతన సున్నా దగ్గరకో, మైనస్‌కో వెళ్తే చాలామంది పదిని తలకిందులుగా తీసుకున్నారేమోనని అనుమానించాలి. ఆ ప్రశ్న తీసేస్తే ఆల్ఫా పెరుగుతుందని సాఫ్ట్‌వేర్ ఊరిస్తుంది. తీసేయకండి, వార్డుకు వెళ్లండి.

అభ్యాసం: ఒక రోగి మొదటి పదింటికి 3, 2, 3, 2, 1, 6, 9, 1, 3, 3 ఇచ్చాడు. చివరి ఐదింటికి 8, 9, 8, 9, 9. మొత్తం 76. చివరి భాగం తిరగబడిందనుకుంటే (8ని 2గా, 9ని 1గా తీసుకుంటే) 40. తేడా 36. రోగికి తేడా తెలిసే కనీస మార్పు 8 అని 2016లో లెక్కగట్టారు, 2021లో దాన్ని 6కి దించారు. ఆ కొలతకు ఈ 36 ఎన్ని రెట్లో చూడండి.

ఇతను తిరగేశాడా? లేక మంచం దిగలేకపోయినా నొప్పి లేకుండా నిజంగానే ప్రశాంతంగా ఉన్నాడా? కాగితం చూసి ఎన్ని కారణాలు ఊహించగలరో రాయండి. తర్వాత అతని మంచం దగ్గరికి వెళ్లి అడగాల్సిన ఒక్క ప్రశ్నను, మీ ఊరి తెలుగులో, పన్నెండు మాటలకు మించకుండా రాయండి. నాలుగో పాఠం ఆ ప్రశ్నతోనే మొదలుపెడతాం. పొద్దున అడిగి సాయంత్రం మళ్లీ అడిగితే అదే జవాబు వస్తుందా అన్నది అందులో చూద్దాం.