ట్యాంకు అడుగంటినప్పుడు ఇంజిన్ మొరాయిస్తే: లక్షణం, కారణం, పరిష్కారం

ఫ్యూయెల్ ముల్లు రిజర్వు గీతకు దిగాక ఇంజిన్ కుదుపులివ్వడం మొదలుపెడితే, పెట్రోలు అయిపోవస్తోంది, అంతే అని తేల్చేయడం తేలిక. చాలాసార్లు అది నిజమే. కానీ రిజర్వు లైటు వెలిగే సమయానికి ట్యాంకులో ఇంకా కొన్ని లీటర్లు మిగిలి ఉంటాయి కనుక, ఉన్న ఇంధనం ఇంజిన్‌కు ఎందుకు అందలేదన్నదే అసలు తేల్చుకోవలసిన విషయం. దానికి జవాబు ఇబ్బంది ఎప్పుడు, ఏ పరిస్థితిలో వచ్చిందన్న దానిలోనే చాలావరకు దొరుకుతుంది.

ఇప్పటి కార్లలో ఫ్యూయెల్ పంపు ట్యాంకు లోపలే, ఇంధనంలో మునిగి ఉంటుంది. దాని చుట్టూ చిన్న ప్లాస్టిక్ గిన్నె ఒకటి ఉంటుంది. ట్యాంకులో మట్టం తగ్గినా ఆ గిన్నె మాత్రం నిండుగా ఉండేలా జెట్ పంపు అనే సన్నని నాజిల్ చుట్టుపక్కల ఇంధనాన్ని లోపలికి లాగుతూ ఉంటుంది. గిన్నె ఖాళీ అయితే పంపు ఇంధనానికి బదులు గాలి పీలుస్తుంది. అప్పుడు సాధారణ పెట్రోలు ఇంజిన్లలో 3 నుంచి 4 బార్ల దాకా నిలకడగా ఉండవలసిన పీడనం పడిపోతుంది, ఇంధనాన్ని చిమ్మే ఇంజెక్టర్లు ఎప్పటిలాగే తెరుచుకున్నా సిలిండర్‌లోకి వెళ్లే పెట్రోలు చాలదు, ఇంజిన్ మిస్సింగ్ కొడుతుంది, అంటే సిలిండర్లలో మంట సరిగా అందుకోదు.

ఏ భాగాన్నీ విప్పకముందే చేయవలసిన పరీక్ష ఒకటుంది. ట్యాంకును సగానికి పైగా నింపి, ఇబ్బంది వచ్చిన దారిలోనే, అదే వేగంతో మళ్లీ నడపాలి. కుదుపు పూర్తిగా పోతే లోపం ట్యాంకులోని అమరికలో ఉందని అనుకోవచ్చు. నిండు ట్యాంకుతోనూ కుదుపు వస్తే తక్కువ ఇంధనం మీద నింద మోపడం మానేసి ఫిల్టర్, పంపు, ఇగ్నిషన్ వైపు చూడాలి.

లక్షణం: మలుపుల్లో, ఎత్తు ఎక్కేటప్పుడు, గట్టిగా యాక్సిలరేటర్ తొక్కినప్పుడు మాత్రమే కుదుపు

మిగిలిన ఇంధనం ఒక పక్కకు ఒరిగిపోయి పంపు దగ్గర లేకుండా పోవడమే దీనికి కారణం. రిజర్వు లైటు వెలిగి చాలా దూరం నడిచాక ఇలా జరిగితే అది లోపం కాదు. బండిని నెమ్మదిగా, సాఫీగా నడుపుతూ బంకుకు చేర్చి ఇంధనం పోయించుకుంటే సరిపోతుంది. ముల్లు పావు ట్యాంకు దగ్గర ఉండగానే ఇలా జరుగుతుంటే మాత్రం గిన్నె సరిగా నిండడం లేదన్నమాట. జెట్ పంపు నాజిల్‌లో చెత్త అడ్డుపడి ఉండవచ్చు, గిన్నె అడుగున ఉండే వన్‌వే వాల్వు పాడై ఉండవచ్చు, లేదా ఇటీవల పంపు మార్పించి ఉంటే పంపు, గిన్నె కలిసిన ఆ అసెంబ్లీ ట్యాంకు అడుగుకు ఆనకుండా పైకి లేచి కూర్చుని ఉండవచ్చు. ఈ చివరి అవకాశాన్ని మెకానిక్‌లు కూడా తరచు మరిచిపోతారు కనుక, పంపు మార్చాకే ఇబ్బంది మొదలైతే ముందు దాన్నే చూడమనాలి. పరిష్కారం అసెంబ్లీని బయటికి తీసి శుభ్రం చేయడం, అవసరమైతే మార్చడం. పెట్రోలు ఆవిరి చిన్న నిప్పురవ్వకే అంటుకుంటుంది కనుక ఈ పని ఇంట్లో చేయదగినది కాదు.

లక్షణం: ముల్లు పావు ట్యాంకు చూపిస్తుండగానే ఇంజిన్ పూర్తిగా ఆగిపోవడం

ముందు భద్రత. ఇంజిన్ ఆగినా స్టీరింగ్ తిరుగుతుంది గానీ చాలా కార్లలో బాగా బరువెక్కుతుంది. బ్రేకు బూస్టర్‌లో మిగిలిన వ్యాక్యూమ్ ఒకటి రెండు సార్లు తొక్కడానికే సరిపోతుంది. అందుచేత బ్రేకును వదిలి వదిలి కాకుండా ఒకే తొక్కులో నిలకడగా పట్టి, హజార్డ్ లైట్లు వేసి బండిని పక్కకు తీయాలి.

ఇక కారణం రెండింటిలో ఒకటి: గేజ్ అబద్ధం చెబుతూ ఉండాలి, లేదా ఇంధనం ఉన్నా పంపుకు చేరకుండా ఉండాలి. ఈ రెండింటినీ వేరు చేయడానికి బంకులో మీటరు చాలు. నాజిల్ తనంతట తాను ఆగిపోయేదాకా పోయించి, ఎన్ని లీటర్లు పట్టాయో మాన్యువల్‌లో రాసిన ట్యాంకు సామర్థ్యంతో పోల్చాలి. ఆగిన చోట డబ్బాతో కొంత పోసి ఉంటే దాన్నీ కలుపుకోవాలి. దాదాపు సామర్థ్యమంతా పట్టిందంటే ట్యాంకు నిజంగానే ఖాళీ అయిందని, తప్పు గేజ్‌దని అర్థం. ట్యాంకులోని ఫ్లోటుకు కట్టిన చేయి ఒక రెసిస్టర్ పట్టీ మీద జరుగుతూ మట్టాన్ని కొలుస్తుంది. ఆ పట్టీ అరిగిపోతే ముల్లు ఒకచోట అతుక్కుపోవడం, ఉన్నట్టుండి ఎగిరిపడడం కనిపిస్తుంది. ఫ్లోటు, పట్టీ కలిసిన ఈ సెండర్ యూనిట్ మార్చడమే దీనికి మందు.

అలా కాక సామర్థ్యానికి బాగా తక్కువ పట్టిందంటే, ఇంధనం ట్యాంకులోనే ఉండి పంపుకు అందలేదని తేలుతుంది. వెనుక చక్రాలకు శక్తినిచ్చే షాఫ్టు ట్యాంకు కిందుగా వెళ్లే కొన్ని కార్లలో ట్యాంకు గుర్రపు జీను ఆకారంలో రెండు గదులుగా ఉంటుంది. పంపు ఒక గదిలోనే ఉంటుంది, రెండో గదిలోని ఇంధనాన్ని మరో జెట్ పంపు ఇవతలికి తోడుతుంది. ఆ తోడే గొట్టం ఊడిపోయినా, మూసుకుపోయినా ఒక గది ఎండిపోయి ఇంజిన్ ఆగుతుంది. అవతలి గదిలో మాత్రం ఇంధనం అలాగే ఉండిపోతుంది. పంపు బాగానే పనిచేస్తుంటుంది కనుక దాన్ని మార్చినా ఫలితం ఉండదు.

ఇన్ని కిలోమీటర్లు వెళ్లవచ్చని డ్యాష్‌బోర్డు చూపే అంకెను ఇక్కడ సాక్ష్యంగా తీసుకోకూడదు. అది ఇటీవలి మైలేజీని బట్టి వేసే అంచనా మాత్రమే. ఘాట్ రోడ్డు ఎక్కగానే ఆ లెక్క గబగబా పడిపోతుంది.

లక్షణం: తిన్నటి రోడ్డు మీద వేగం అందుకోకపోవడం, వెనుక సీటు కింద నుంచి కీచుమనే మోత

ఇది తక్కువ ఇంధనంతో బయటపడిన పాత జబ్బు. పంపు మోటారు తన గుండా పారే ఇంధనంతోనే చల్లబడుతుంది, కందెన కూడా అదే. తరచు ట్యాంకు అడుగంటా నడిపితే పంపు వేడెక్కి, గాలి పీల్చి త్వరగా అరుగుతుంది. అయితే ఇవే లక్షణాలు ఫిల్టర్ పూడిపోయినా, పంపుకు అందే వోల్టేజీ తగ్గినా వస్తాయి. కాబట్టి కొత్త పంపు కొనే ముందు ప్రెషర్ గేజ్‌తో పీడనాన్ని, కనెక్టర్ దగ్గర వోల్టేజీని కొలిపించాలి. కొలవకుండా పంపు మార్చేయడం ఈ విషయంలో జరిగే అతి ఖరీదైన పొరపాటు.

అడుగున పేరుకున్న మడ్డి ట్యాంకు ఖాళీ అయ్యేటప్పుడే పంపులోకి వెళుతుందన్న నమ్మకం ఒకటి ప్రచారంలో ఉంది. పంపు ఎప్పుడూ అడుగు నుంచే లాగుతుంది కనుక అందులో పెద్దగా నిజం లేదు. నీటి సంగతి వేరు: పెట్రోలు కన్నా బరువైన నీరు అడుగుకు చేరుతుంది, మట్టం తగ్గాక కొద్ది నీరైనా పంపు లాగేదానిలో పెద్ద వాటా అవుతుంది.

లక్షణం: చెక్ ఇంజిన్ లైటు వెలగడం

కారు కంప్యూటర్‌లో నమోదైన లోపాలను చదివే స్కానర్‌లో పి0171 అనే కోడ్ కనిపిస్తే మిశ్రమంలో ఇంధనం తక్కువైందని, పి0300 కనిపిస్తే పలు సిలిండర్లలో మిస్సింగ్ ఉందని అర్థం. ట్యాంకులో ఇంధనం తక్కువగా ఉన్నప్పుడు వచ్చిన మిస్సింగ్‌కు పి0313 అనే ప్రత్యేక కోడ్ కూడా ఉంది. అది కనిపిస్తే స్పార్క్ ప్లగ్గులు మార్చడానికి తొందరపడనక్కర్లేదు. లైటు మిణుకుమిణుకుమంటుంటే మాత్రం వెంటనే వేగం తగ్గించాలి, ఎందుకంటే మండని పెట్రోలు పొగను శుద్ధి చేసే కాటలిటిక్ కన్వర్టర్‌లోకి చేరి అక్కడ మండి దాన్ని పాడుచేస్తుంది.

లక్షణం: ఇంధనం పోసినా స్టార్ట్ కాకపోవడం

పెట్రోలు కారైతే సెల్ఫ్ కొట్టకుండా తాళాన్ని ఆన్ స్థానంలో రెండు మూడు సెకన్లు ఉంచి ఆపాలి, అలా నాలుగైదు సార్లు చేయాలి; ప్రతిసారీ పంపు సన్నగా హోరుమని లైనులో పెట్రోలు నింపుతుంది. బండి వాలులో నిలిచి ఉంటే పోసిన ఒకటి రెండు లీటర్లు పంపుకు దూరంగా చేరవచ్చు కనుక మరికొంత పోయాలి. సెల్ఫ్ ఒక్కోసారి పది సెకన్లకు మించి తిప్పకుండా మధ్యలో అర నిమిషం విరామమివ్వాలి.

డీజిల్ కారు ఇంత సులువుగా లొంగదు. లైన్లలో ఎయిర్ పడితే అది పోయేదాకా ఇంజిన్ అందుకోదు. ఫిల్టర్ దగ్గర చేత్తో నొక్కే ప్రైమర్ పంపు ఉంటే అది గట్టిపడే వరకు నొక్కాలి. కామన్ రెయిల్ ఇంజిన్లలో (అన్ని ఇంజెక్టర్లకూ ఒకే పైపు నుంచి అధిక పీడనంతో డీజిల్ అందే రకం) హై ప్రెషర్ పంపుకు డీజిలే కందెన కనుక పొడిగా తిప్పేకొద్దీ లోపలి లోహం అరిగి, ఆ రజను ఇంజెక్టర్ల దాకా పోతుంది. రెండు మూడు ప్రయత్నాలకు అందుకోకపోతే అక్కడితో ఆపి టో చేయించాలి. హై ప్రెషర్ పైపుల నట్లు వదులు చేసి సెల్ఫ్ కొట్టడం ఎంతమాత్రం కూడదు. ఆ పీడనంతో చిమ్మే డీజిల్ చర్మంలోకి దూసుకుపోగలదు.

మరమ్మతు జరిగాక ట్యాంకు నింపించి ఒక చుట్టు తిరిగి వస్తే ఏమీ తేలదు. ఇబ్బంది ఏ మట్టం దగ్గర మొదలైందో ఆ మట్టానికి ఇంధనం దిగాక, రద్దీ లేని దారిలో, అవే మలుపులలో, అదే ఎత్తులో నడిపి చూసిన తరువాతే పని పూర్తయినట్టు లెక్క.