తారీఖు కాదు, పూత ఎప్పుడొస్తుందో చూడు

మా అక్క కొడుకు భువనగిరి దగ్గర ఎకరంన్నర కొన్నాడు. కొన్న నెలకే ఫోన్. "చిన్నమ్మా, ఏ పంట ఏ తారీఖున పెట్టాలో ఒక పట్టిక రాసి వాట్సాప్‌లో పెట్టు, ఫ్రిజ్ మీద అంటించుకుంటా" అన్నాడు. సరేనని కూర్చుని రెండు వరసలు రాసి ఆపేశాను. జూన్ 15 అని రాస్తే వాడు వాన పడ్డా పడకపోయినా జూన్ 15నే విత్తనం పెడతాడు. వాణ్ని నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. అందుకే పట్టిక మానేసి ఇది రాస్తున్నాను.

మాది సూర్యాపేట వైపు. కాలువ నీళ్లు మా చేలదాకా రావు. మూడెకరాల చెల్క అంటే తేలిక ఎర్రనేల, రెండెకరాల రేగడి అంటే నల్లనేల, ఇంటి వెనక బోరు కింద ఎకరం మడి. నేను చెప్పే రోజులు ఈ నేలకు, ఈ వానకు సరిపోయేవి. నెల్లూరు వాళ్లు వీటిని పట్టుకుంటే మునుగుతారు. వాళ్లకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి, పెద్ద వరి పంట కూడా అప్పుడే.

మా మామ కార్తెలతో లెక్క చెప్పేవాడు. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో పదమూడు, పద్నాలుగు రోజులుంటాడు, అదే కార్తె. మృగశిర జూన్ 7 లేదా 8న, ఆరుద్ర 21 లేదా 22న వస్తాయి. ఏటా ఒక్క రోజు అటూ ఇటూ, అంతే. పండుగలు అట్లా కాదు, తిథిని బట్టి వెనక్కీ ముందుకీ జరుగుతాయి. అధికమాసం వచ్చిన ఏడు దసరా, దీపావళి బాగా ఆలస్యంగా వస్తాయి. "దీపావళి పోయినంక శనగ పెడదాం" అనుకునేవాళ్లు ఆ ఏడు ఆలస్యమైపోతారు. పండుగతో గుర్తు పెట్టుకోవద్దు. కార్తె పెట్టుకోండి, లేదా ఇంగ్లీషు తారీఖు పెట్టుకోండి.

అయితే కార్తె వచ్చిందంటే వాన వచ్చినట్టు కాదు. ఇది నాకు 2023లో బాగా తెలిసొచ్చింది. మృగశిర మొదట్లో ఒక సాయంత్రం గాలిదుమారంతో వాన పడింది. పొద్దున చూస్తే నేలంతా కమ్మని వాసన. చుట్టుపక్కల విత్తడానికి అచ్చులు తోలి సాళ్లు గీస్తుంటే నాకూ ఆగబుద్ధి కాలేదు. రెండెకరాల చెల్కలో నాలుగు ప్యాకెట్ల పత్తి గింజలు పెట్టించాను. అప్పుడు ప్యాకెట్టు 853 రూపాయలు. తర్వాత వాన లేదు. రుతుపవనాలు తెలంగాణకు చేరేసరికి జూన్ 20 దాటింది. పదో రోజున పుల్లతో ఒక గుంట తవ్వి చూశాను. గింజ ఉబ్బింది, తెల్లటి మొలక గోరంత బయటికొచ్చింది, కొస మాత్రం కాల్చినట్టు నల్లబడింది. పక్క గుంటా అంతే, దాని పక్కదీ అంతే. మళ్లీ నాలుగు ప్యాకెట్లు, మళ్లీ కూలి. తప్పు ఎవరిదీ కాదు, నాదే. ఆ సాయంత్రం పడ్డది ఎంత అని కొలిచి ఉంటే ఆగేదాన్ని.

అప్పటి నుంచి కొలుస్తున్నాను. పరికరమేమీ అక్కర్లేదు. గోడలు నిలువుగా ఉండి అడుగు చదునుగా ఉన్న డబ్బా చాలు. పైన వెడల్పు, కింద సన్నం ఉండే బకెట్ పనికిరాదు. చెట్టు కిందా చూరు కిందా కాకుండా ఖాళీలో పెట్టండి. పొద్దున్నే స్కేలు నిలబెట్టి నీళ్లెంత లోతున్నాయో చూడండి. ఒక సెంటీమీటరు ఉంటే పది మిల్లీమీటర్లు. రాసుకుని పారబోయండి. అదునులో, అంటే విత్తే కాలంలో, పడ్డ వానలు కూడితే చెల్కలో 60, రేగడిలో 75 మిల్లీమీటర్లు దాటాలి. అప్పటిదాకా పత్తి గింజ సంచి ముడి విప్పకండి.

ఆ తర్వాత పదును, అంటే విత్తడానికి సరిపడే తడి, చూడాలి. జానెడు లోతు తవ్వి, అడుగు మట్టి గుప్పెడు తీసి గట్టిగా పిసకండి. ఉండ కట్టకపోతే ఇంకా పొడి. ఉండ కట్టి, నడుము ఎత్తు నుంచి వదిలితే పగిలి పొడిపొడిగా చెదిరితే పదును ఉన్నట్టు. బొద్దుగా అట్లాగే పడి, అరచేతికి జిగురు మిగిలితే ఒకటి రెండు రోజులు ఆగండి. రేగడిలో అట్లాంటప్పుడు ట్రాక్టర్ దింపితే గడ్డలు కడతాయి, ఆ గడ్డలు దసరాదాకా మీ కాళ్లకు తగులుతూనే ఉంటాయి. ఆరుద్రలో ఎర్రటి మఖమల్ పురుగులు నేల మీద పాకుతూ కనబడితే పిల్లలతో పాటు నాకూ సంబరమే. తడి లోపలిదాకా దిగితేనే అవి పైకొస్తాయి. అయినా డబ్బా లెక్క డబ్బాదే.

పత్తికి జులై 15, మహా అయితే 20 వరకే ఆగుతాను. ఆ తర్వాత పెడితే కాయ పట్టే వేళకు నేలలో తడి ఉండదు, గులాబీ రంగు పురుగు మాత్రం ఉంటుంది. అదును దాటితే పత్తిని మరిచిపోయి కంది, ఆముదం చూసుకోండి. ఇంకా ఆలస్యమైతే ఆగస్టు, సెప్టెంబరుల్లో ఉలవలు. పెసరకు 50 మిల్లీమీటర్లు చాలు. నేను రేగడిలో మొదటి పదునుకే పెసర పెడతాను. 65, 70 రోజుల్లో చేతికొస్తుంది, అదే నేలలో తర్వాత శనగ పడుతుంది. మొక్కజొన్నను జూన్ నడిమి నుంచి జులై నడిమి వరకు పెట్టొచ్చు. నీళ్లు నిలిచే చోట మాత్రం దాని జోలికి పోవద్దు.

ఇప్పుడు అసలు విషయం. విత్తే రోజును విత్తే రోజుగా చూస్తే ఎప్పుడూ చిక్కే. పూత వచ్చే రోజు ఏ ఎండలో, ఏ చలిలో పడుతుందో చూసి వెనక్కి లెక్కపెట్టుకోవాలి. వరితో చెప్తే బాగా అర్థమవుతుంది. వరి ఏ రకమైనా పూత నుంచి కోతకు దాదాపు నెల. అంటే 120 రోజుల రకం నారు పోసిన 90వ రోజుకు, 150 రోజుల రకం 120వ రోజుకు పూతకొస్తాయి. ఎండ 35 డిగ్రీలు దాటిన వేళ వరి పూస్తే గింజ పట్టదు, కంకి నిండా తాలే. మా తమ్ముడు ఒక ఏడు 150 రోజుల సాంబ మసూరికి ధర బాగుందని యాసంగిలో, అంటే రబీలో, పోశాడు. జనవరి 10న నారు. వేలు మడిచి లెక్కపెట్టండి, 120 రోజులంటే మే 10. మా దగ్గర మే 10న మధ్యాహ్నం మనుషులే బయటికి రారు, పాపం ఆ కంకి ఎక్కడికి పోతుంది? కోశాక తూర్పారబడితే గాలికి పోయిందే ఎక్కువ. మిగిలిన వడ్లు మర ఆడిస్తే నూకలు.

అందుకని యాసంగిలో ఎంటీయూ 1010 లాంటి 120 రోజుల రకమే పోస్తాను. నవంబరు 20 నుంచి డిసెంబరు మొదటి వారం లోపల నారుమడి పూర్తి కావాలి. చలికి నారు నెమ్మదిస్తుంది కాబట్టి లెక్కకు పది రోజులు కలుపుకోండి. అయినా మార్చి మూడో వారానికల్లా పూత అయిపోతుంది. వడగళ్లకు దొరక్కుండా ఎంత ముందు కోస్తే అంత మంచిది. 2023 మార్చి, ఏప్రిల్ నెలల్లో పడ్డ రాళ్లు గుర్తున్నవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. నారు ఎర్రబడి ఎదగకపోతే ఎరువు గుమ్మరించకండి. పొద్దున్నే మడిలోని చల్లటి నీళ్లు తీసేసి బోరు నీళ్లు పెట్టండి, అవి కాస్త గోరువెచ్చగా ఉంటాయి. రాత్రి కర్రలు పాతి పైన పట్టా కప్పి, పొద్దున తీసేయండి.

వానాకాలంలో లెక్క తలకిందులు. అప్పుడు భయం ఎండతో కాదు, చలితో. సాంబ మసూరి లాంటి 150 రోజుల రకాలను జూన్ నెలలోనే పోయాలి, అక్టోబరులో పూస్తాయి. జులై చివర పోస్తే నవంబరు చివరి చలిలో పూత, కంకి పూర్తిగా బయటికి రాక పొట్టాకులోనే సగం ఇరుక్కుంటుంది. ఆలస్యమైతే రకం మార్చండి. తెలంగాణ సోనా 125 రోజులదే, జులై మొదటి సగంలో పోసినా నడుస్తుంది. నారు 25 రోజులకు నాటాలి. కానీ ఊరంతా ఒకే వారం నాట్లంటే కూలీలు ఎక్కడి నుంచి వస్తారు? నేను ఎకరానికే నారు రెండు విడతలుగా, వారం తేడాతో పోస్తాను. మొదట్లో మా ఆయన నవ్వాడు. ముదిరిన నారు నాటి, పిలకలు రాక ఊరంతా తిట్టుకున్న ఏడు నవ్వడం ఆపాడు.

కంది ఇంకో రకం. రోజు పొడుగు తగ్గితేనే అది పూతకొస్తుంది. జూన్ చివర పెట్టినా సెప్టెంబరులో పెట్టినా చలికాలానికి పూసేస్తుంది, కాబట్టి ఆలస్యంగా పెట్టిన చెట్టుకు పెరగడానికి టైమ్ ఉండదు. జూన్ కంది తల దాటుతుంది, సెప్టెంబరు కంది నడుము దగ్గర ఆగుతుంది. వానాకాలం ఎకరానికి రెండు మూడు కిలోలు దూరదూరంగా పెడితే చాలు. సెప్టెంబరులో అయితే ఆరు నుంచి ఎనిమిది కిలోలు దగ్గర దగ్గరగా పెట్టాలి. సాళ్ల దూరం మార్చకుండా తారీఖు మాత్రం మార్చిన చేలు చూశాను, సగం నేల ఖాళీగా ఎండకు ఎండుతుంటుంది.

రేగడిలో శనగను వాన ఆగిపోయాక, నేలలో దాగిన తడితోనే పండిస్తాం. అక్టోబరు నడిమి నుంచి నవంబరు పది దాకా. మరీ తొందరపడితే వేడికి ఎండు తెగులు, డిసెంబరుకు జారితే గింజ నిండకముందే ఎండ వచ్చి పడుతుంది. బోరున్నవాళ్లు చెల్కలో యాసంగి వేరుశనగను సెప్టెంబరు చివరి నుంచి అక్టోబరు లోపల, మొక్కజొన్నను అక్టోబరు నడిమి నుంచి నెల రోజుల్లో, నువ్వులను జనవరి చివర పెట్టుకోవచ్చు. కృష్ణా, గోదావరి డెల్టాల్లో ఇంకో పద్ధతి. వరి కోతకు రెండు మూడు రోజుల ముందే నిలబడ్డ చేలో మినుములు చల్లేస్తారు. దుక్కి లేదు, నీళ్లు పెట్టేది లేదు. ఆ నేల అట్లాంటిది, మన చెల్కలో కుదరదు.

కూరగాయలు. మా వాడికి అసలు కావలసింది ఇవే. బీర, సొర, కాకర, బెండ, వంకాయ తొలకరికి ఒకసారి, జనవరి చివరి నుంచి ఫిబ్రవరిలో ఇంకోసారి. మిరప నారు జులైలో పోసి, ఆగస్టు నుంచి సెప్టెంబరు నడిమి లోపల నాటాలి. పాలకూర, మెంతి, కొత్తిమీర, ముల్లంగి అక్టోబరు తర్వాత. ఏప్రిల్‌లో కొత్తిమీర చల్లితే ఆకు రాకముందే పూతకు లేస్తుంది. తోటకూర, గోంగూర, బచ్చలి ఎప్పుడైనా వస్తాయి, వాటికి నా సలహా అక్కర్లేదు.

టమాట వానాకాలం నాటొచ్చు, అక్టోబరు, నవంబరులో నాటితే ఇంకా బాగా కాస్తుంది. "వేసవిలో కిలో వంద అమ్ముతది కదా, మార్చిలో నాటుతా" అన్నాడు మా వాడు. వంద ఎందుకు అమ్ముతుందో ఆలోచించాలి కదా. రాత్రుళ్లు కూడా ఉక్కపోస్తుంటే టమాట పూత నిలవదు, పొద్దున చెట్టు కింద పసుపు పచ్చగా రాలి ఉంటుంది. మదనపల్లె వాళ్లు వేసవిలో కాయిస్తారంటే ఆ ఊరు ఎత్తులో ఉంది, రాత్రి చల్లబడుతుంది. భువనగిరి చల్లబడదు.

గోబీ పువ్వు నారు కొనేటప్పుడు ఇది తొందరగా వేసే రకమా, ఆలస్యంగా వేసే రకమా అని తప్పక అడగండి. ఒకసారి అడగకుండా నవంబరులో నారు తెచ్చి నాటాను. అది ముందు నాటే రకమట. చలి తగిలేసరికి మొక్క చిన్నగా ఉండగానే పువ్వు వేసేసింది, ఒక్కోటి నిమ్మకాయంత. మూడు వందల మొక్కలు, ఒక్క పెళ్లికి కూర రాలేదు. ఆలస్యపు రకాన్ని ముందు నాటితే దీనికి ఎదురు, మోకాలెత్తు ఆకులొస్తాయి, పువ్వు రాదు.

పందిరి చిక్కుడు కూడా కంది లాంటిదే. మా వాడు జూన్‌లో నాలుగు గింజలు పెట్టాడు. సెప్టెంబరులో వీడియో కాల్ చేసి పందిరి చూపించాడు, ఆకు సందున ఆకాశం కనబడటం లేదు. "ఒక్క పువ్వు లేదు చిన్నమ్మా, గొడ్డుతీగ. పెరికేసి బీర పెట్టనా?" పెరక్కు అన్నాను. నీళ్లు తగ్గించు, యూరియా ముట్టుకోకు, చలి పడనీ అన్నాను. నవంబరులో పూసింది. సంక్రాంతికి వాళ్లింట్లో, పక్కింట్లో, ఎదురింట్లో చిక్కుడుకాయ కూరే. రథసప్తమికి కాయలతో రథం చేసి మా అక్క ఫోటో పంపింది.