రెడ్ ఓక్ ఫ్లోర్‌కి వేసిన స్టెయిన్ రంగు తేడా కొడుతోందా?

శాండింగ్ (గరుకు కాగితంతో చెక్కని అరగదీయడం) అయిపోయింది. డబ్బా మీద బొమ్మ చూసి ముచ్చటపడి తెచ్చిన స్టెయిన్ (చెక్కలోకి ఇంకే రంగు) వేశారు. తీరా చూస్తే నేల మీద ఇంకేదో రంగు తేలింది. ఇలా అయినప్పుడు చాలామంది వెంటనే ఇంకో డబ్బా కొంటారు. కాస్త ఆగండి. రెడ్ ఓక్ విషయంలో తప్పు డబ్బాలో ఉండటం అరుదు. చెక్క సొంత రంగులోనో, శాండింగ్‌లోనో, పైన వేసే పాలిష్‌లోనో ఉంటుంది.

బూడిద రంగు వేస్తే వంకాయ ఛాయ వచ్చింది

అన్నిటికన్నా ఎక్కువగా వినపడే గోడు ఇదే. రెడ్ ఓక్ చేవలో పుట్టుకతోనే గులాబీ ఛాయ ఉంటుంది. స్టెయిన్ పెయింట్ లాంటిది కాదు, చెక్కని కప్పేయదు, దాని రంగుతో కలిసిపోతుంది. బూడిద రంగు గులాబీతో కలిస్తే లేత వంకాయ రంగు వస్తుంది. తెల్ల స్టెయిన్ వేస్తే ఎర్ర బట్టతో కలిపి ఉతికిన తెల్ల చొక్కాలా కనిపిస్తుంది.

ఎరుపుకి విరుగుడు ఆకుపచ్చ. అందుకే ఆకుపచ్చ ఛాయ దాగి ఉన్న బ్రౌన్ రంగులు దీనిమీద బాగా కుదురుతాయి. స్పెషల్ వాల్‌నట్, ప్రొవిన్షియల్ లాంటి మధ్యరకం బ్రౌన్లతో మొదలుపెట్టి చూడండి. జాకోబీన్ లాంటి ముదురు రంగైతే గులాబీ దాదాపు కనపడదు, కానీ దుమ్ము, గీతలు మాత్రం బాగా కనపడతాయి. పేరులో చెర్రీ, మహోగని ఉన్నవి ఎరుపుని ఇంకా పెంచుతాయి.

లేత రంగే కావాలని పట్టుబడితే చెక్కని బ్లీచ్ చేయాలి. బట్టలకి వాడే బ్లీచ్ ఇక్కడ పనికిరాదు, అది చెక్క సహజ రంగుని పెద్దగా కదపలేదు. సోడియం హైడ్రాక్సైడ్, హైడ్రోజన్ పెరాక్సైడ్ రెండు సీసాలుగా వచ్చే చెక్క బ్లీచ్ కావాలి. అది చర్మాన్ని కాల్చేస్తుంది కాబట్టి గ్లవ్స్, కళ్ళద్దాలు తప్పనిసరి. తెల్లబడేది పైపొర మాత్రమే. ఆరాక గట్టిగా శాండింగ్ చేస్తే కింది గులాబీ మళ్ళీ బయటపడుతుంది. ఇంత తంటా ఎందుకు, బ్రౌన్‌తో సరిపెట్టుకోండి అనే నేనైతే చెప్తాను.

శాంపిల్‌లో బాగుంది, మొత్తం వేశాక మారిపోయింది

శాంపిల్ ఎక్కడ వేశారు? షాపులో ఇచ్చిన చెక్క ముక్క మీదా, లేక సగం శాండింగ్ చేసిన మూల మీదా? రంగు పొడి చెక్క రంధ్రాల్లోనూ, శాండింగ్ మిగిల్చిన సన్నటి గీతల్లోనూ ఇరుక్కుంటుంది. 80 గ్రిట్‌తో (గరుకు కాగితం నంబరు, అంకె పెరిగేకొద్దీ నునుపు) ఆపిన చోట ముదురుగా, 120 దాకా వెళ్ళిన చోట లేతగా కనపడుతుంది. తడిగుడ్డతో చెక్కని తడిపి ఆరబెట్టాక స్టెయిన్ వేస్తే ఇంకా ముదురుతుంది, ఎందుకంటే నీటికి నారలు లేచి రంగుని ఎక్కువ పీలుస్తాయి.

కాబట్టి శాంపిల్ మీ నేల మీదే వేయండి, చివరి గ్రిట్ పూర్తయ్యాక, కనీసం రెండడుగుల చదరంలో. ఏ రెండు పలకలూ ఒకేలా ఉండవు, చిన్న ముక్కని చూస్తే మోసపోతారు. పైన వేయబోయే పాలిష్ కూడా ఒక కోటు వేసి పొద్దున, సాయంత్రం, రాత్రి లైట్ల కింద చూడండి. పగలు బ్రౌన్‌గా ఉన్నది పసుపు లైటు కింద ఎర్రబడటం మామూలే. ఒక శాంపిల్ మీద ఇంకొకటి వేస్తే రెండూ అబద్ధమే చెప్తాయి.

గోడల వెంట ముదురు, మధ్యలో లేత

ఇది రంగు తప్పు కాదు. మధ్యలో పెద్ద మెషీన్ నడిచింది, అంచుల్లో ఎడ్జర్ అనే చిన్న శాండింగ్ మెషీన్ సున్నాలు చుట్టింది. ఆ సున్నాల గీతల్లో స్టెయిన్ దిగి గది చుట్టూ ఫ్రేము కట్టినట్టు కనపడుతుంది. ఇంకో కోటు వేస్తే పోతుందనుకోవద్దు, గీతలు ఇంకా తేలతాయి. అంచుల్ని మళ్ళీ శాండింగ్ చేసి, మూలల్ని చేత్తో గీకి, మొత్తం నేలని బఫర్‌తో (గుండ్రంగా తిరిగే మెషీన్) ఒకే గ్రిట్‌కి తేవాలి. స్టెయిన్ వేయకముందే టార్చి లైటుని నేలకి ఆనించి అడ్డంగా కొట్టి చూస్తే ఈ గీతలన్నీ దొరికిపోతాయి.

ఒకటి రెండు పలకలు మాత్రం వేరుగా ఉన్నాయి

ఎప్పుడో రిపేరు చేసినప్పుడు అక్కడ వైట్ ఓక్ వేసి ఉండొచ్చు. దాంట్లో ఆ గులాబీ ఛాయ ఉండదు, రంధ్రాలు కూడా మూసుకుని ఉంటాయి. రెడ్ ఓక్ రంధ్రాలు ఎంత తెరిచి ఉంటాయంటే, చిన్న ముక్క ఒక కొనని నీళ్ళలో ముంచి రెండో కొన నుంచి ఊదితే బుడగలు వస్తాయి. ఆ పలకల్ని మార్చడమో, విడిగా రంగు కలిపి దగ్గరికి తేవడమో చేయాలి.

తుడిచాక కూడా చుక్కలు చుక్కలుగా పైకి ఊరుతోంది

ఇదీ ఆ రంధ్రాల వల్లే. లోపలికి దిగిన నూనె స్టెయిన్ మెల్లగా వెనక్కి వస్తుంది, ఎండ పడే కిటికీ దగ్గర ఇంకా ఎక్కువ. పల్చగా వేయండి, కొంచెం కొంచెం మేర తుడుచుకుంటూ వెళ్ళండి, పావుగంటకోసారి వెనక్కి వచ్చి మళ్ళీ తుడవండి. చుక్కలు ఆరిపోయి ఉంటే అదే స్టెయిన్‌తో తడిపిన గుడ్డతో రుద్దితే చాలావరకు కరుగుతాయి.

తుడిచిన గుడ్డల్ని మాత్రం కుప్పగా పడేయొద్దు. నూనె ఆరేటప్పుడు వేడి పుట్టి వాటికవే నిప్పంటుకోవచ్చు. ఆరుబయట విడివిడిగా పరిచి గట్టిపడేదాకా ఆరనివ్వండి, లేదా నీళ్ళు పోసిన ఇనుప డబ్బాలో మూత పెట్టి ఉంచండి.

పాలిష్ వేశాక పసుపెక్కింది

నూనె పాలీయురేథేన్ అనే పాలిష్ తేనె రంగులో ఉంటుంది, ఏళ్ళు గడిచేకొద్దీ ఇంకా ముదురుతుంది. బ్రౌన్ మీద అందంగానే ఉంటుంది, తెలుపు, బూడిద రంగుల్ని మాత్రం పాడుచేస్తుంది. వాటి మీద నీటి పాలిష్ వేయండి. అయితే కింద నూనె స్టెయిన్ ఉంటే పూర్తిగా ఆరాకే వేయాలి, లేకపోతే పొరలుగా లేచిపోతుంది. తేమ ఎక్కువగా ఉన్న రోజుల్లో డబ్బా మీద రాసిన గంటల్ని నమ్మకండి, ముట్టుకుంటే జిగురు, వాసన ఉన్నాయో లేదో చూసుకోండి.

నల్ల మచ్చలు

ఓక్‌లో సహజంగా ఉండే టానిన్ అనే పదార్థం, నీరు, ఇనుము మూడూ కలిసినప్పుడు వచ్చేవి. మేకుల చుట్టూ, కుండీలు పెట్టిన చోటా కనపడతాయి. స్టెయిన్‌కి ముందే ఆక్సాలిక్ యాసిడ్‌తో తీయాలి, తర్వాత బాగా కడిగి ఆరబెట్టాలి.

మళ్ళీ మొదటి నుంచి చేయాలంటే

ముందు చెక్క ఎంత మిగిలిందో చూడండి. నేలలో గాలి వచ్చే జాలీ ఉంటే ఎత్తితే పలక అంచు కనపడుతుంది. ముప్పావు అంగుళం మందమున్న అసలు చెక్కలో, పలకల్ని కలిపే గాడి పైన సుమారు పావు అంగుళమే అరగదీయడానికి ఉంటుంది. ఇంజినీర్డ్ ఫ్లోర్ (ప్లైవుడ్ లాంటి పొరల మీద అసలు చెక్క అంటించినది) అయితే పై చెక్క పొర చాలా పల్చనగా ఉండొచ్చు. అలాంటప్పుడు, ఇంకా పాలిష్ వేయకపోతే, శాండింగ్ జోలికి పోకుండా కొంచెం ముదురు స్టెయిన్ పల్చటి కోటు ఒకటి వేసి చూడటమే మేలు.